సంపాదకుడి ఎదుట పది నిమిషాలు

తెలుగులో రచయితకూ ప్రచురణకర్తకూ నడుమ ఏజెంటు అనే మనిషి సాధారణంగా ఉండడు. ఈమెయిలుకు జవాబిచ్చే ప్రచురణ సంస్థలు లేకపోలేదు కాని, చాలాచోట్ల పుస్తకం సంగతి ఇప్పటికీ ముఖాముఖి మాటలతోనే తేలుతుంది. అందువల్ల తొలి పుస్తకం రాసినవారు ఎప్పుడో ఒకనాడు రాతప్రతి సంచిలో పెట్టుకుని సంపాదకుడి ఎదుట కూర్చోక తప్పదు. ఒకప్పుడు నేనూ అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత కొన్నేళ్ళు ఒక చిన్న ప్రచురణ సంస్థలో ప్రూఫులు దిద్దుతూ, వచ్చిన రాతప్రతులు చదివి అభిప్రాయం చెప్పే పనిలో ఉన్నాను. మన పుస్తకం గొప్పదని ఒప్పించడం మన వల్ల అయ్యే పని కాదనీ, సంపాదకుడి మనసులో అప్పటికే నడుస్తున్న లెక్కకు కావలసిన వివరాలు అందించడమే మన పని అనీ నాకు అక్కడ తెలిసివచ్చింది.

ఆ లెక్క ఏమిటో ముందు చూద్దాం. మన సంస్థల్లో చాలావాటిలో సంపాదకుడూ, యజమానీ, గోడౌను తాళంచెవి దగ్గర ఉంచుకునే మనిషీ ఒక్కరే. ఆయన రాతప్రతి మొదటి పేజీని పాఠకుడిగా చదువుతూనే, ఇది ఎన్ని ఫారాలవుతుంది, ధర ఎంత పెట్టాలి, 500 ప్రతులు వేస్తే ఎన్నాళ్ళకు అమ్ముడవుతాయి అని లోలోపల గుణించుకుంటూ ఉంటారు. ఫారం అంటే 16 పేజీలు. మన పుస్తకాలు ఎక్కువగా వచ్చే డెమీ సైజులో పేజీకి సుమారు 200 నుంచి 250 మాటలు పడతాయి కాబట్టి, 40,000 మాటల రాతప్రతి ముందుమాటలూ విషయసూచికా కలుపుకుని 11 నుంచి 13 ఫారాలు, అంటే 176 నుంచి 208 పేజీలు అవుతుంది. ధరలో మూడోవంతు నుంచి సగం దాకా పంపిణీదారులకూ దుకాణాలకూ కమిషన్‌గా పోతుంది. మిగిలినదానిలోంచే కాగితం, అచ్చు, బైండింగు, డీటీపీ, ముఖచిత్రం, రాయల్టీ అన్నీ తీరాలి. ఈ గుణకారం ఇంటి దగ్గరే చేసుకుని వెళ్ళినవారు "ఎన్ని పేజీలొస్తుందండీ?" అన్న ప్రశ్నకు "పెద్దదేనండీ" అని నసగకుండా "డెమీలో 13 ఫారాలు దాటదండీ" అని చెప్పగలరు. ఆ ఒక్క జవాబుతో ఎదుటి మనిషి కుర్చీలో కొంచెం ముందుకు జరగడం నేను చాలాసార్లు చూశాను.

ఎవరి దగ్గరకు వెళుతున్నామన్నది అంతకంటే ముందు తేల్చుకోవలసిన విషయం. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అనువాదాలకూ సామాజిక విషయాలకూ పేరుపడింది. మంచి పుస్తకం వారి పని పిల్లల పుస్తకాలు. 1953 నాటి విశాలాంధ్రది అభ్యుదయ సాహిత్య సంప్రదాయం. అన్వీక్షికి, ఛాయ వంటివి కొత్త తరం కథలూ నవలలూ వేస్తున్నాయి. ఇవి పైపైన చూసే గుర్తులు మాత్రమే. మీరు కలవబోయే సంస్థ ఇటీవల వేసిన పుస్తకాలు రెండు కొని చదవండి. చదివేటప్పుడు ప్రచురణ వివరాలుండే పేజీని తప్పకుండా చూడండి, ఎందుకంటే ఆ సంస్థ జాతకమంతా అక్కడే ఉంటుంది. ఎన్ని ప్రతులు వేశారు, ఎన్నో ముద్రణ, కాపీరైటు ఎవరి పేరున ఉంది అన్నవి చాలా పుస్తకాల్లో అచ్చులోనే దొరుకుతాయి. "ప్రచురణ" అన్నచోట రచయిత పేరో రచయిత ఇంట్లోవారి పేరో ఉండి, "ప్రతులకు" అన్నచోట మాత్రమే సంస్థ పేరుంటే, ఆ పుస్తకానికి డబ్బు పెట్టింది రచయిత అనీ, సంస్థ అమ్మిపెడుతోందనీ అర్థం. అది తప్పేమీ కాదు కాని, ఆ సంస్థతో మాట్లాడేటప్పుడు సంభాషణ ఎటు మళ్ళుతుందో మీకు ముందే తెలుస్తుంది.

ఒకప్పుడు ఈ బాధ ఇంతగా లేదు. వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన నవలను ప్రచురణకర్తలే వెతుక్కుంటూ వచ్చేవారు, కనుక రచయిత గెలవవలసిన గుమ్మం పత్రికా సంపాదకుడిది. సీరియల్ చదివినవారి ఉత్తరాలే పుస్తకానికి పూచీ. 2020లో కరోనా కాలంలో కొన్ని పత్రికలు ఆగిపోయాక ఆ దారి ఇంకా ఇరుకైంది. ఇప్పుడు పుస్తకం తరఫున ఎవరు కొంటారో చెప్పవలసిన భారం రచయిత మీదే పడింది.

ఎక్కడ కలవాలి అన్న ప్రశ్నకు చాలామంది చెప్పే జవాబు పుస్తక ప్రదర్శన. డిసెంబరులో హైదరాబాద్ ఎన్టీఆర్ స్టేడియంలో జరిగేదీ, 1989లో మొదలై ఆనవాయితీగా కొత్త సంవత్సరం మొదట్లో జరుగుతున్న విజయవాడ పుస్తక మహోత్సవమూ సంపాదకులందరూ ఒకేచోట దొరికే సందర్భాలే. అయితే అక్కడ సంపాదకుడు అమ్మకందారుగా ఉంటారు. ఆదివారం సాయంత్రం ఒక చేత్తో బిల్లు రాస్తూ, మరో చేత్తో చిల్లర లెక్కపెడుతూ, స్టాలు చివర పిల్లవాడు ఏ పుస్తకం చింపుతున్నాడో అని ఓ కన్ను అటు వేసి ఉన్న మనిషికి మీ నవలలో కథానాయిక మనోవేదన వినిపించడం ఇద్దరికీ శిక్షే. ప్రదర్శనలో చేయవలసింది పరిచయం మాత్రమే. వారం మధ్యలో, గేట్లు తీసిన మొదటి గంటలో వెళ్ళి, ఒక పుస్తకం కొని, పేరు చెప్పి, ఏం రాశారో ఒక్క వాక్యంలో చెప్పి, "మీకు వీలైనప్పుడు ఆఫీసుకు వచ్చి పది నిమిషాలు మాట్లాడవచ్చా?" అని అడిగి ఫోన్ నంబరు తీసుకుని వచ్చేయండి. అసలు మాటలకు ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. అక్టోబరు, నవంబరుల్లో ప్రదర్శన కోసం కొత్త పుస్తకాల ప్రూఫులు బల్లమీద గుట్టలుగా పడి ఉంటాయి, అప్పుడు మీ రాతప్రతి ఆ గుట్ట అడుగుకే చేరుతుంది.

వెళ్ళేటప్పుడు మొత్తం రాతప్రతి చేతిలో పెట్టాలని తపన పడవద్దు. స్పైరల్ బైండింగు చేయించిన 400 పేజీల కట్టను చూడగానే ఏ సంపాదకుడికైనా ముందు కలిగేది అలసట. ఒక పేజీలో పుస్తక పరిచయం, ఒక పేజీలో విషయసూచిక, ఎనిమిది పది పేజీల్లో మీకు బాగా వచ్చిన ఒక అధ్యాయం, ఇవి చాలు. కాగితానికి ఒకవైపే, కళ్ళజోడు తీసి వెతుక్కోనక్కరలేని సైజు అక్షరాల్లో ప్రింటు తీయించి, ప్రతి కాగితం మీదా పేరూ ఫోన్ నంబరూ వేయండి. పిన్ను ఊడి కాగితాలు చెల్లాచెదరయ్యే సంఘటనలు ప్రచురణ సంస్థల్లో కొత్త కాదు. మొత్తం రాతప్రతి యూనికోడ్‌లో సిద్ధంగా ఉంచుకుని, అడిగితే ఆ సాయంత్రమే పంపండి. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టించి ఉంటే ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే మార్చేటప్పుడు వత్తులు చెదిరిపోతాయి, ఆ తప్పులు ఏరడానికి మరో విడత ప్రూఫులు చూడవలసివస్తుంది. చేతిరాత ప్రతి అయితే డీటీపీ ఖర్చు కూడా లెక్కలోకి వస్తుంది.

ముందుమాటల గురించి ఒక చిన్న మాట. పుస్తకం ఎవరు వేస్తారో తేలకముందే ముగ్గురు పెద్దల చేత ముందుమాటలు రాయించుకుని, వాటిని అన్నింటికంటే పైన పెట్టి తెచ్చేవారు మనలో ఎక్కువ. ఒకసారి 90 పేజీల కవిత్వానికి 31 పేజీల ముందుమాటలు చూశాను. పెద్దల ఆశీస్సు మంచిదే కాని, సంపాదకుడు వాటిని చదవరు. తెలిసినవారెవరైనా ముందుగా ఫోన్ చేసి "ఫలానావారు వస్తారు, కాస్త చూడండి" అని చెప్పడం ముందుమాట కంటే ఎక్కువ పనిచేస్తుంది. అదీ మిమ్మల్ని కుర్చీ దాకానే తీసుకువెళుతుంది.

ఇక అసలు సంగతి, ఏం చెప్పాలి అన్నది. నేను పనిచేసిన చోటికి ఒక మధ్యాహ్నం కృష్ణా డెల్టా కాలువల మీద వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకాయన వచ్చారు. కూర్చోగానే తన పుట్టుక, చదువు, ఉద్యోగంలో చేరిన సంవత్సరం, బదిలీలు, తాను ఎవరెవరి కింద పనిచేశారో ఆ అధికారుల పేర్లు వరసగా చెప్పుకొచ్చారు. తర్వాత, ఇలాంటి పుస్తకం తెలుగులో ఇంతవరకు రాలేదన్నారు. మా సంపాదకుడు మర్యాదకు తల ఊపుతూ ఎదుట ఉన్న ప్రూఫులో కామాలు పెట్టుకుంటున్నారు. ఎనిమిదో నిమిషంలో కాబోలు, మాట కలపడానికన్నట్టు "వేసవిలో కాలువలు కట్టేశాక లస్కర్లకు పనేముంటుందండీ?" అని అడిగారు. లస్కర్లంటే కాలువల మీద నీళ్ళొదిలే షట్టర్లు చూసుకునే కింది ఉద్యోగులు.

"ఎందుకుండదండీ, అసలు పని అప్పుడే కదా," అన్నారాయన. "గుర్రపుడెక్క లాగించాలి, తూముల షట్టర్లకు గ్రీజు పెట్టించాలి, గండ్లు పడ్డచోట కట్టలు చూసుకోవాలి. నీళ్ళొదిలాక నిద్రే ఉండదండి. కాలువ చివర, శివారులో ఉండే రైతు రాత్రి రెండింటికి వచ్చి షట్టరు ఎత్తేస్తాడు. తెల్లారేసరికి గేజిలో నీటిమట్టం పడిపోతుంది, మాట లస్కరుకు పడుతుంది. కాని ఆ రైతును పట్టిచ్చిన లస్కరును నేను చూడలేదండి. వాడి పొలం కూడా శివారులోనే ఉంటుంది మరి."

సంపాదకుడు కలం మూత పెట్టి కాగితాలు పక్కకు జరిపారు. ఆ చివరి మాట రాతప్రతిలో ఉందా అని అడిగారు. ఉంది, కాని 140వ పేజీలో, బదిలీల అధ్యాయం తర్వాత ఉంది.

ఆ పెద్దమనిషి మొదటి నిమిషంలోనే చెప్పదగిన మాటలు ఇలా ఉండవచ్చు: "ప్రకాశం బ్యారేజి కింది కాలువల మీద ముప్ఫై ఏళ్ళు పనిచేశానండి. నీళ్ళొదిలిన రోజు నుంచి కాలువ కట్టేసే రోజు దాకా ఒక లస్కరుకు ఏడాది ఎలా గడుస్తుందో, రాత్రిళ్ళు షట్టర్ల దగ్గర ఏం జరుగుతుందో రాశాను. డెల్టా రైతు కుటుంబాలవారూ, ఇరిగేషన్‌లో పనిచేసినవారూ, ఊళ్ళ చరిత్ర చదివేవారూ కొంటారని నా నమ్మకం. 11 ఫారాలు వస్తుంది." ఈ నాలుగు వాక్యాల్లో రాయడానికి ఈ మనిషే ఎందుకు తగినవాడు, లోపల ఏముంది, ఎవరు కొంటారు, ఎంత ఖర్చు అన్నవన్నీ ఉన్నాయి. నవలైనా, అనువాదమైనా, వంటల పుస్తకమైనా ఆ నాలుగూ ఉండాలి. వాటిని ఇంటి దగ్గర రాసుకుని, పుస్తకాలతో సంబంధం లేని పక్కింటివారికి ఒకసారి చెప్పి చూడండి. వారు వెంటనే ఏదైనా ప్రశ్న అడిగితే మాటలు బాగా కుదిరినట్టే. "చాలా బాగుందండీ" అని ఊరుకుంటే మళ్ళీ రాసుకోవాలి.

నవల విషయంలో చాలామంది కథ మొత్తం చెప్పబోయి రెండో తరం దగ్గర చిక్కుబడిపోతారు. ఎవరికి ఏ ఇబ్బంది వచ్చింది, దాన్నుంచి బయటపడడానికి ఆ మనిషి చేసిన పని వల్ల ఇంకే ఇబ్బంది వచ్చింది అన్నంతవరకు చెప్పి ఆగండి. ముగింపు అడిగితే దాచకుండా చెప్పండి. "అది చదివితేనే తెలుస్తుందండీ" అని నవ్వే రచయితకు ముగింపు ఇంకా కుదరలేదేమోనన్న అనుమానం వస్తుంది. కవితలను అడగనిదే చదివి వినిపించవద్దు. కథల సంపుటి అయితే ఎన్ని కథలు, ఏ పత్రికల్లో వచ్చాయి, వాటన్నింటినీ కలిపే ఊరో వృత్తో కాలమో ఏమైనా ఉందా అన్నది చెప్పడమే సరిపోతుంది.

"ఇలాంటిది ఇంతవరకు రాలేదు" అన్న మాటను మాత్రం పూర్తిగా మానేయాలి. మార్కెట్టులో నడవదు కనుకనే రాలేదేమో అని సంపాదకుడు అనుకునే ప్రమాదం ఉంది. దానికి బదులు, మీ పుస్తకం కొనే మనిషి ఇప్పటికే ఏయే పుస్తకాలు కొని ఉంటాడో రెండు పేర్లు చెప్పండి. అందులో ఒకటి ఆ సంస్థదే అయితే ఇంకా మంచిది, కాని అది నిజంగా చదివి ఉండాలి. చదవకుండా చెప్పినవారు రెండో ప్రశ్నకు దొరికిపోతారు.

సంపాదకుడు అడిగేవాటిలో కొన్ని ప్రశ్నలకు నిజం తప్ప మరో జవాబు పనికిరాదు. ఇది ఇంకెవరికైనా ఇచ్చారా అని అడిగితే, ఇచ్చి ఉంటే ఇచ్చానని చెప్పాలి. మనది చిన్న లోకం, సాయంత్రానికల్లా ఇద్దరు ప్రచురణకర్తలు ఫోన్‌లో మాట్లాడుకుంటారు. అనువాదమైతే మూల రచయిత అనుమతి కాగితం మీద ఉందా అన్నది మొదట వచ్చే ప్రశ్న, లేకపోతే మాట అక్కడితో ఆగిపోతుంది. "కొంచెం తగ్గించవలసివస్తుందేమో" అన్నప్పుడు చాలామంది ముఖం మాడ్చుకుంటారు. ఎక్కడ తగ్గిస్తే బాగుంటుందంటారని అడిగినవారికి అప్పటికప్పుడే ఉచితంగా ఒక సలహా దొరుకుతుంది. లస్కర్ల పుస్తకం రాసిన పెద్దమనిషి ఆ ప్రశ్నే అడిగి, జేబులోంచి చిన్న డైరీ తీసి చెప్పినవన్నీ రాసుకున్నారు.

ఇక అందరూ మొహమాటపడే డబ్బు విషయం. "ఖర్చు సంగతి ఎలా అనుకుంటున్నారు?" అని సంపాదకుడు అడిగితే మీరే పెట్టుకోగలరా అని అడుగుతున్నట్టు. కవిత్వానికైతే ఈ ప్రశ్న దాదాపు తప్పదు. విదేశాల నుంచి సెలవులకు వచ్చిన రచయితలకు ఇది అన్నింటికంటే ముందు ఎదురవుతుంది, రాతప్రతి తెరవకముందే లెక్క మొదలైతే మీ రాతను బట్టి కాక మీ జేబును బట్టి మాట్లాడుతున్నారని గ్రహించాలి. పెట్టుకోదలచుకోకపోతే "సంస్థ తరఫునే రావాలని కోరికండీ, అందుకే మీ దగ్గరకు వచ్చాను" అని మెత్తగా చెప్పి ఊరుకోండి. పెట్టుకోదలచుకుంటే మాత్రం ఎన్ని ప్రతులు వేస్తారు, ప్రతులు ఎవరి దగ్గర ఉంటాయి, అమ్మకాల లెక్క ఎన్ని నెలలకోసారి ఇస్తారు, మిగిలినవి ఎప్పుడు తిరిగి ఇస్తారు అన్నవి కాగితం మీద ఉండాలి. నా తొలి పుస్తకానికి నేను ఇవేవీ అడగలేదు. డబ్బు ఇచ్చాను, 500 ప్రతులని మాట అనుకున్నాము, ఆవిష్కరణ సభలో శాలువా కప్పారు. రెండేళ్ళ తర్వాత లెక్క అడగబోతే ఒక ఆటోలో తాడు కట్టిన కట్టలు ఇంటికి వచ్చాయి. లెక్కపెడితే 310 ఉన్నాయి, మిగిలిన 190 సంగతి ఇప్పటికీ తెలియదు. వచ్చినవాటిలో అడుగు కట్టకు చెదలు పట్టింది.

సంస్థే ఖర్చు పెట్టుకుని వేస్తే రాయల్టీ ఎంత అని అడగడంలో తప్పులేదు, కాని అంచనా సరిగా ఉండాలి. 200 రూపాయల పుస్తకం 500 ప్రతులు, 10 శాతం రాయల్టీ అనుకుంటే అన్నీ అమ్ముడయ్యాక వచ్చేది 10,000 రూపాయలు. దీని మీద బేరమాడడం కంటే హక్కుల మీద శ్రద్ధ పెట్టడం మేలు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ హక్కులు, ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో చెప్పాలి. కాలం రాయకపోతే ఐదేళ్ళకనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అనీ చట్టం భావిస్తుంది. హక్కు తీసుకున్నవారు ఏడాదిలోగా దాన్ని వాడుకోకపోతే, ఒప్పందంలో వేరుగా రాసి ఉంటే తప్ప, అది రద్దయినట్టే. ఈ-బుక్కు, ఆడియో, అనువాద హక్కులు పుస్తక ప్రచురణతో పాటే వెళ్ళిపోతున్నాయా అన్నది ప్రత్యేకంగా చూసుకోవాలి. ఇదంతా మొదటి సమావేశంలో ఏకరువు పెట్టనక్కరలేదు. "ఒప్పందం కాగితం రాసుకుందామండీ" అన్న ఒక్క మాట చాలు. దానికి "మన మధ్య కాగితాలెందుకండీ" అన్న జవాబు వస్తే అది ఆప్యాయతగానే అన్నప్పటికీ, మరోసారి అడగండి.

పది నిమిషాలు అడిగి వెళ్ళారు కనుక, పదో నిమిషంలో లేవడానికి మీరే సిద్ధపడాలి. ఆయన కూర్చోమంటే కూర్చోండి. టీ వస్తే తాగండి, టీ అయ్యాక మళ్ళీ పుస్తకం ఎత్తవద్దు. ఆ రాత్రి పేరు, పుస్తకం పేరు, ఏం ఇచ్చి వచ్చారు అన్నవి రెండు వాక్యాల్లో సందేశం పంపండి. ఎప్పటికి చెబుతానన్నారో ఆ గడువు దాటాక మరో రెండు వారాలు ఆగి, ఒకసారి ఫోన్ చేయండి. గడువేమీ చెప్పకపోతే మూడు నెలలు ఆగడం మర్యాద. రాతప్రతిలో పెద్ద మార్పులు చేసి ఉంటే తప్ప కొత్త ప్రతి పంపవద్దు. నాలుగు రాతప్రతులు నాలుగు తేదీలతో ఉంటే ఏది చదవాలో తెలియక ఏదీ చదవరు.

కుదరదన్నప్పుడు కారణం కోసం పట్టుబట్టకండి. "ఇది ఎవరు వేస్తే బాగుంటుందంటారు?" అని ఒక్క ప్రశ్న మాత్రం అడగండి. తాము వేయలేని పుస్తకానికి సరైన చోటు చెప్పడం సంపాదకులకు ఇష్టమైన పనే, పైగా "నేను పంపానని చెప్పండి" అని కూడా అంటారు. ఆ పేరు అక్కడికక్కడే రాసుకుని, మెట్లు దిగాక ఆ ఇద్దరి మధ్య స్నేహం ఎలా ఉందో ఎవరినైనా వాకబు చేయండి.